బాపు కొలువు బావకు పోయింది

మా బాపు కొలువు నాకు రావాల్సింది. మా బావకు పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు ఒకే మాట అంటారు: "పోనీ తియ్, బయటోళ్ళకు పోలే గద, ఇంట్లనే ఉన్నది గద." ఆ ఇల్లు ఏదో ఎవరూ నాకు చూపించలేదు. బావ నస్పూర్‌లో ఉంటాడు. నేను గోదావరిఖనిలో అమ్మాబాపుల దగ్గర ఉంటాను.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాపు బాయిలో దిగి పనిచేసినవాడు. నడుము పోయింది, తరువాత ఊపిరి పోయింది. మెట్లెక్కితే రొప్పు, అన్నం తింటే రొప్పు. డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని తేల్చితే అటువంటి మనిషి జాగాలో ఇంటి వారసుడు ఎక్కవచ్చు. కొడుక్కు వీలుకాకపోతే అల్లుడైనా ఎక్కవచ్చు. అందుకే మా కాలనీలో మగపిల్లవాడు పుడితే చూడవచ్చినవాళ్ళు "బాపు కొలువు నీదేరా" అని బుగ్గ గిల్లిపోతారు. నా బుగ్గ కూడా గిల్లారట. అప్పటికి నా సంగతి ఎవరికీ తెలియదు.

నాకు ఆటిజం ఉంది. డిగ్రీలో చేరిన ఏడాది హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఆ పేరు చెప్పింది. అంతకుముందు నాకు చాలా పేర్లుండేవి. మొండోడు, తిక్కలోడు, మెంటల్. డాక్టరమ్మ చెప్పిన పేరు వాటన్నిటికన్నా నయం, అందులో తిట్టు లేదు. అమ్మకు మాత్రం ఆ పేరు నోరు తిరగలేదు. "డాక్టరమ్మ చెప్పిన ముచ్చట" అంటుంది ఇప్పటికీ.

ఆ ముచ్చట ఏమిటంటే, నలుగురు ఒకేసారి మాట్లాడితే నాకు ఒక్కరి మాటా తెలియదు. ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు పళ్ళలోకి దిగుతుంది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ వాళ్ళ మాట వినమంటే రెండూ కావు. అన్నిటికన్నా చెడ్డది, కోపం వస్తే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పాక వస్తుంది. అప్పటికి దానితో ఎవరికీ పని ఉండదు.

డిగ్రీ పాసయ్యాక ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో క్లర్కు పని ఉందని తెలిసి వెళ్ళాను. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఉన్నాయన నా కాగితాలు చూసి, నాకు ఆటిజమని తెలియగానే కుర్చీలో ముందుకు జరిగాడు. సంబరపడ్డాడు.

"నేను ఫోన్ల వీడియో చూసిన. మీ అసొంటోళ్ళకు ఏదో ఒక పవర్ ఉంటదట గద. నేను పుట్టిన తారీఖు చెప్త, ఏ వారమో చెప్పు."

"నాకు తెల్వది సార్."

"పోనీ పెద్ద పెద్ద లెక్కలు?"

"కాలిక్యులేటర్ ఉంటే చేస్త."

ఆయన మళ్ళీ వెనక్కి వాలాడు. సర్కస్‌కు వెళ్తే ఏనుగు రాలేదన్నట్టు మొహం పెట్టాడు. "మరి నీకేమొస్తదిరా?"

"టైపింగ్ వస్తది. ఫైళ్ళు వరుసల పెట్టొస్తది. చెప్పిన టైముకు వస్త, చెప్పిన పని చేస్త."

"గవి అందరికొస్తయి" అన్నాడు.

అందరికీ వచ్చేది వస్తే అందరికీ పని దొరుకుతుంది. నాకు మాత్రం ఎవరికీ రానిది వస్తేనే దొరుకుతుందట. ఆ తరువాత ఒక సూపర్ మార్కెట్లో, ఒక జిరాక్స్ దుకాణంలో అడిగాను. సూపర్ మార్కెట్లో ఒక పూట చేశాను. పైన స్పీకర్లో పాటలు ఆపమని అడిగినందుకు ఆ పూటతోనే పంపించేశారు. జిరాక్స్ ఆయన నాతో మాట్లాడనే లేదు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే అమ్మతో, "పిలగాన్ని ఇంట్లనే ఉంచుకోరాదమ్మా" అన్నాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, మీసం ఉంది.

బాపు అన్‌ఫిట్ కోసం తిరగడం మొదలుపెట్టింది అప్పుడే. బాపుతో అన్ని దవాఖానలకూ బావే తిరిగాడు. బావ అంటే మా అక్క భర్త. కిరాయి కారు నడిపేవాడు, ఆ కారు ఫైనాన్స్ వాళ్ళు పట్టుకుపోయాక ఖాళీగా ఉన్నాడు. మాట తీపి మనిషి. ఎవరింటికి వెళ్ళినా నేరుగా వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టించుకోగలడు. కాలనీ మొత్తానికి ఆయన మంచివాడే. నాకు ఆయన చేతులు నచ్చవు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా మెడ వెనక చెయ్యి వేసి నొక్కుతాడు. వద్దంటే నవ్వుతాడు, మళ్ళీ వేస్తాడు.

ఒకరోజు పొద్దున వచ్చి, "బామ్మర్దీ, తయారుగా. డాక్టర్ దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకోవాలె" అన్నాడు.

"కొలువుకా?" అని అడిగాను.

"అన్నిటికి పనికొస్తది. జల్ది అంగీ తొడుక్కో."

నేను ఇస్త్రీ అంగీ తొడుక్కున్నాను. కొలువు కోసమే అనుకున్నాను కాబట్టి గడ్డం కూడా గీసుకున్నాను.

బస్సులో వెళ్ళాం. ఆ దవాఖానలో చాలామంది ఉన్నారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో ఇనుప మంచం గచ్చు మీద ఈడుస్తున్నారు. మా వంతు వచ్చేసరికే నాలో మాట అయిపోయింది. డాక్టరు తల ఎత్తి నా పేరు అడిగాడు. నా పేరు నాకు తెలుసు. బయటికి రాలేదు. ఆయన కాసేపు చూసి బావ వైపు తిరిగాడు.

బావ చెప్పాడు. ఎంత బాధగా చెప్పాడంటే, వినేవాళ్ళకు ఆయన మీద జాలి కలగాలి. "ఏం చెప్పమంటరు సార్. బట్టలిప్పుకుని రోడ్డు మీద తిరుగుతడు. వాళ్ళమ్మను కొడ్తడు. అన్నం తినిపియ్యాలె, స్నానం చేపియ్యాలె. మేం లేకుంటే వాడు లేడు సార్."

గీసిన గడ్డంతో, ఇస్త్రీ అంగీతో నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అందులో ఒక్క మాటా నిజం కాదు. నేను బల్ల అంచు పట్టుకున్నాను, వేళ్ళు తెల్లబడేదాకా. "చూసిండ్రా సార్, గిట్ల చేస్తడు" అన్నాడు బావ. డాక్టరును నేనేమీ అనను. ఆయన ముందు ఒకడు మాట్లాడాడు, ఒకడు మాట్లాడలేదు. మాట్లాడినవాడిది రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే, పెద్దపల్లి దాటాక బస్సు కొంచెం ఖాళీ అయ్యి నాకు మాట వచ్చింది. "నేను ఎవ్వరిని కొట్టలే" అన్నాను.

బావ ఫోన్ చూసుకుంటున్నాడు. "తెలుసురా. గట్ల చెప్పకుంటే వాళ్ళు రాయరు. ఇగ నీకు పింఛన్ వస్తది, ఫికర్ లేదు."

"మరి కొలువు?"

"ఏం కొలువు?" అన్నాడు, ఫోన్ మీంచి కళ్ళు ఎత్తకుండానే.

ఆ ఆదివారం మా ఇంట్లో నలుగురు కూర్చున్నారు. బాపు వాళ్ళ అన్న, మా పెద్దబాపు వచ్చాడు, బావ వాళ్ళ అన్న వచ్చాడు. అక్క వంటింట్లో అమ్మకు సాయం చేస్తోంది. నన్ను గదిలో కూర్చోమన్నారు. తలుపు మూయలేదు, నేను వినకూడదనుకునేంత మర్యాద కూడా లేదు. నా కొలువు గురించి మాట్లాడుతున్నారు, నన్ను తప్ప అందరినీ అడుగుతున్నారు.

"వాడు బాయి పని చేసేటోడా?" అన్నాడు పెద్దబాపు. "సైరన్ మోగితేనే చెవులు మూసుకుంటడు."

సైరన్ మోగితే చెవులు మూసుకునే మాట నిజమే. షిఫ్టు సైరన్ ఎప్పుడు మోగుతుందో నాకు తెలుసు, మోగే ముందే మూసుకుంటాను, ఆగాక తీస్తాను. అంతకుమించి దానితో నాకు గొడవ లేదు. కొలువులో చేరినవాళ్ళందరినీ కింద సొరంగంలోకే దింపరు. స్టోర్లున్నాయి, ఆఫీసులున్నాయి, మొక్కలు పెంచే చోటు కూడా ఉంది. నాకు ఏ పని అయితే వీలవుతుందని అడిగినవాళ్ళు లేరు. చెయ్యలేడన్నారు, అంతే.

బావ బాపు కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. "మామా, నాకు తమ్ముడు లేడు. వాడే నా తమ్ముడు. నేనున్నన్ని రోజులు వాడు నా ఇంట్లనే తింటడు. మీ తర్వాత ఎట్ల అని మీరు పరేషాన్ కావద్దు." బాపు ఏడ్చాడు. తన తరువాత నా గతి ఏమిటన్నది బాపుకు ఎప్పుడూ ఉన్న భయమే. బావకు ఆ భయం ఎక్కడుందో సరిగ్గా తెలుసు. అక్కడే చెయ్యి పెట్టి నొక్కాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి అక్కను అడిగాను. "గది నా కొలువు అక్కా."

అక్క ఉల్లిగడ్డలు కోస్తోంది. "నీకు పింఛన్ వస్తది గదరా. ఆయనకు ఏమొస్తది?" అంది. నిజంగానే అడిగింది, నా దగ్గర జవాబు ఉంటుందన్నట్టు. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది.

కొన్నాళ్ళకు బోర్డు బాపును అన్‌ఫిట్ అన్నది, నా సర్టిఫికెట్ చూపించి బావ కొలువు తెచ్చుకున్నాడు. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి మొదట నా నోట్లోనే పెట్టబోయాడు. నేను ఆ డబ్బా తీసుకెళ్ళి బయట మురికి కాలువలో పోశాను. "వానికి ఏం తెలుస్తది పాపం" అన్నారు అందరూ. నేను తెలిసే చేశానని ఒక్కరికీ తట్టలేదు. పోస్టింగ్ నస్పూర్ వైపు పడింది, అక్కడే క్వార్టర్ ఇస్తామన్నారు. నేను వాళ్ళింట్లో తినే మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

ఆ వేసవిలో మా నీళ్ళ మోటారు కాలిపోయింది. బాపు మోయలేడు కాబట్టి నేనే బస్తాలో వేసుకుని బస్టాండు వెనక ఉన్న మోటార్ల వైండింగ్ దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడి ముసలాయనను అందరూ ఉస్తాద్ అంటారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, మాతో తెలుగు. ఆయన మోటారు విప్పి, మాడిపోయిన తీగ చుట్టలు ఉలితో తెంపి, లోపలి గాడుల్లో కొత్త కాగితం పెట్టి, కొత్త రాగి తీగ చుట్టలు ఒక్కొక్కటీ దించాడు. నేను పొద్దుటి నుంచి నిలబడి చూశాను. ఎవరూ మాట్లాడడం లేదు. మొదట ఏది, తరువాత ఏది అన్నది పనిలోనే కనిపిస్తోంది.

"ఏం చూస్తున్నవ్? సాయంత్రం రా" అన్నాడు ఉస్తాద్.

"నాకు పనిస్తరా?"

"ఇయ్య. పో."

మరునాడు మళ్ళీ వెళ్ళాను. "చెప్పిన గదా, ఇయ్యనని" అన్నాడు. మూడోరోజు ఒక కాలిన మోటారు నా ముందుకు తోసి, ఉలి ఇచ్చి, "పాత తీగ తియ్యి. ఇనుముకు గాటు పడితే నీ తోలు తీస్త" అన్నాడు. గాటు పడింది. తిట్టాడు. ఆయన తిట్టే తిట్లు నేను ఇక్కడ రాయను. ఆ తరువాత చాలా మోటార్లకు గాట్లు పెట్టాను, తీగ పైపూత గీరి పాడుచేశాను, చుట్టలు తారుమారుగా దించాను. నేను గొప్ప పనివాడినని రాయాలనుకునేవాళ్ళు ఇంకెవరి గురించైనా రాసుకోండి. ఉస్తాద్ దగ్గరికి వచ్చినవాళ్ళందరూ మొదట్లో ఇలాగే పాడుచేశారట. అందరినీ ఇలాగే తిట్టాడట.

దుకాణంలో ఇంకో పనివాడున్నాడు, నలభై దాటినవాడు. నా చెవుల సంగతి వాడికి తొందరగానే తెలిసిపోయింది. నేను వంగి పని చేసుకుంటుంటే వెనక నుంచి వచ్చి ఇనుప పలక మీద సుత్తితో కొట్టేవాడు. నేను ఎగిరిపడితే పక్క దుకాణాల వాళ్ళను పిలిచేవాడు. "సూడుండ్రి, మావోడు డ్యాన్స్ చేస్తడు." వాళ్ళు వచ్చేవాళ్ళు కూడా. ఒకరోజు నేను సుత్తి లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాను.

ఉస్తాద్ లేచి వచ్చాడు. "ఎందుకు విసిరినవ్?"

మాట ఆగిపోయింది. పనివాడు నా బదులు చెప్పబోయాడు. "నిన్ను అడగలే" అన్నాడు ఉస్తాద్. నాతో, "మాటొచ్చినంక చెప్పు" అని వెళ్ళిపోయి పని చేసుకున్నాడు. మధ్యాహ్నం నమాజుకు వెళ్ళి వచ్చి మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పాను.

"వాని చెవుల దగ్గర ఇంకోపారి కొడితే నువ్వు పో" అన్నాడు ఆ పనివాడితో. తరువాత నా వైపు తిరిగాడు. "సుత్తి ఎవని తలకన్న తగిలితే? ఇంకోపారి విసిరితే నువ్వు గూడ పో."

ఆయనను దయగలవాడు అనను. పండుగకు సెలవు అడిగితే గొణుగుతాడు, చాయ్ చల్లారితే అరుస్తాడు. కానీ అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఆగిన మనిషి నా జీవితంలో ఆయనొక్కడే. మిగతావాళ్ళకు అంత తీరిక లేదు, లేదా అంత అవసరం లేదు.

నేను అక్కడ కుదురుకున్నాక బావ క్వార్టర్లో పాలు పొంగించే రోజు వచ్చింది. అక్క అమ్మకు ఫోన్ చేసింది. అమ్మకు వినికిడి తక్కువ, ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. "తమ్ముని తేకమ్మా. ఆయన డ్యూటీ వాళ్ళు, సార్లు వస్తున్నరు. జనంల ఏమన్న చేస్తడు."

అమ్మాబాపు ఆటోలో వెళ్ళారు. నేను తరువాత బస్సులో మంచిర్యాల వెళ్ళి, అక్కడి నుంచి షేర్ ఆటోలో నస్పూర్ వెళ్ళాను. అనాల్సిన మాటలు దారంతా నోట్లో అనుకుంటూ ఉన్నాను, దిగేసరికి జారిపోకుండా.

క్వార్టర్ ముందు షామియానా వేశారు. జనం తింటున్నారు. బావ నన్ను చూసి, అందరి ముందు కదా, నవ్వుతూ చేతులు చాచాడు. "రా రా బామ్మర్దీ!"

నేను దూరంగానే నిలబడి అన్నాను. "డాక్టర్ దగ్గర నేను బట్టలిప్పుకుని తిరుగుత అని చెప్పినవ్. నేను ఎప్పుడు తిరిగిన? చెప్పు."

తినేవాళ్ళు ఆగిపోయారు. బావ చాచిన చేతులు దించలేదు.

"అమ్మను కొడ్త అన్నవ్. అమ్మ గీడనే ఉన్నది. అడుగు."

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ చేతిలో విస్తరి ఉంది. అది కింద పెట్టి, నేల వైపు చూస్తూ, అందరికీ వినపడేలా అంది: "నా కొడుకు నన్ను ఎన్నడు కొట్టలే."

నేను ఇంకా చెప్పాల్సింది ఉంది. ఈ కొలువు నాదని చెప్పాలి. అంతలో బాపు లేచాడు. లేవడానికే రొప్పు వచ్చింది. కుర్చీలు పట్టుకుంటూ, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా పక్కన నిలబడతాడనుకున్నాను. చెంప మీద కొట్టాడు.

"ఇజ్జత్ తీసినవ్ గదరా" అన్నాడు.

నేను చెవులు మూసుకుని అక్కడే కూలబడ్డాను. బావ తన సార్ల వైపు తిరిగి, ఎంతో బాధగా, "చూసిండ్రా సార్, గిట్ల చేస్తడు" అన్నాడు. వాళ్ళు తల ఊపారు. మాట్లాడకపోతే మాట్లాడలేడని రాసుకున్నారు. మాట్లాడితే జబ్బు ముదిరిందన్నారు. నేను లేచి, మట్టి దులుపుకుని, ఆటో ఎక్కాను. నా వెంట ఎవరూ రాలేదు.

బాపు ఆ తరువాత నాతో మాట్లాడడం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటాం. మందులు నేనే తెస్తాను, బల్ల మీద పెడతాను, ఆయన వేసుకుంటాడు. ఒంట్లో బాగాలేని మనిషి అని క్షమించమంటారు. కొట్టినప్పుడు బాగానే ఉన్నాడు. అమ్మ మాత్రం ఆ రోజు తరువాత మారింది. ఎవరైనా ఇంటికి వచ్చి "మీ పిలగాడు ఎట్లున్నడు" అని ఆమెను అడిగితే, "గాడనే ఉన్నడు గద, వాన్నే అడుగు" అంటుంది.

పింఛను వస్తుంది. తీసుకుంటాను. అబద్ధం బావది, పింఛను నాది. నిజం చెప్పినా వచ్చేదేమో, ఎవరూ చెప్పి చూడలేదు.

మొన్న అక్క బాపును చూడటానికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీకు పని దొరికింది గదరా. మంచిగనే ఉన్నవ్. ఇంకా ఎందుకు మా మీద కోపం?"

"పని నేను అడుక్కున్న. మీరియ్యలే."

"నిజం చెప్పు, నువ్వు బాయిల పని చేసేటోనివేనా?"

"తెల్వది" అన్నాను. "నీకు గూడ తెల్వది. బావకు గూడ తెల్వది. తెలుసుకోనియ్యలే మీరు."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తున్నప్పుడు అక్కను ఏమీ అనకూడదని చిన్నప్పటి నుంచి మా ఇంట్లో నియమం. నేను పొమ్మన్నట్టు తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆమె బస్సుకు వెళ్ళిపోయింది. నాకు దుకాణంలో ఒక పిండిమర మోటారు సగంలో ఉంది, దానికి వార్నిష్ పూయాలి. అన్నం తిని వెళ్ళాను.